తుప్పు మీదే పూసేయమన్న రస్ట్ కన్వర్టర్: పాత 207 మీద ఎక్కడ నిలిచింది, ఎక్కడ లేచిపోయింది

రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పును వేరే పదార్థంగా మార్చి ఆపుతుందని అమ్మే మందు, పూసిన రోజు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఎర్రగా పొలుసులు కట్టిన రేకు అరగంటలో నీలి నలుపుకు తిరుగుతుంది. ఆ నలుపు వానాకాలం దాటాక ఏమవుతుందన్నదే అసలు సంగతి. దాని గురించి మాత్రం డబ్బా మీద ఒక్క ముక్క ఉండదు.

బండి టాటా 207 పికప్. భీమవరం వైపు రొయ్యల క్రేట్లు మోసి మోసి రిటైరైంది. ఐసు కరిగిన ఉప్పునీళ్లు వెనక బాడీ ఫ్లోర్ మీద నిలిచి, అక్కణ్నుంచి ఫ్లోర్ కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ల మీదికి కారి తినేశాయి. ఇంజిన్ బాగానే ఉంది. పనంతా బాడీకీ చాసిస్‌కీ సంబంధించిందే. ఇంటి దగ్గర షెడ్డులో, గ్రైండరూ చిన్న ఆర్క్ మిషనూ పెట్టుకుని చేసుకునే పని ఇది.

బజార్లో ‘కన్వర్టర్’ పేరుతో రెండు రకాల సరుకు దొరుకుతుంది. కొట్టువాడు రెండింటినీ ఒకే అరలో పెడతాడు గానీ రెండూ వేరు. ఒకటి పాలలా తెల్లగా ఉంటుంది. అందులో ఉండేది టానిక్ ఆసిడ్, దానికి తోడు లేటెక్స్. పూస్తే నల్లబడి, మీద పల్చటి పొర మిగులుతుంది. రెండోది నీళ్లలా పల్చగా ఉండే ఫాస్ఫారిక్ ఆసిడ్. ఇది తుప్పును ఐరన్ ఫాస్ఫేట్ చేసి, ఆరాక బూడిద రంగు తెల్లటి పొడి వదులుతుంది. ఈ బండికి చాసిస్ లోపల మొదటిది వేశాం, ఫ్లోర్ మీద రెండోది.

నా కోపమంతా ఫ్లోర్ మీది దాని గురించే. ‘తుప్పు మీద నేరుగా పూయండి, ఆరాక ఏ ప్రైమరైనా వేసుకోండి’ అని డబ్బా మీద పెద్దక్షరాలతో ఉంది. దాని మీద టూ ప్యాక్ (హార్డెనర్ కలిపి వాడే) ఎపాక్సీ ప్రైమర్, ఆ పైన పీయూ (పాలీయూరేథేన్) పెయింట్ పడ్డాయి. ఆరాక గోటితో గీకినా గీత పడలేదు, ఎమ్రీ పేపర్ పట్టినా చక్కగా పొడి రాలింది. వానలు మొదలయ్యాక క్రేట్లు ఈడ్చే దారిలో రూపాయి బిళ్లంత బుడగలు లేచాయి. స్క్రూడ్రైవర్ మొన పెట్టి ఎత్తితే పాల మీద మీగడలా అరచేయంత పెచ్చు ఊడొచ్చింది. తిప్పి చూస్తే అడుగు భాగం నిగనిగలాడుతోంది, వేలు పెడితే కాస్త జిగురు తగులుతోంది. కింద రేకు మీద కొత్త తుప్పేమీ లేదు, ఆ తెల్లటి పొడే ఉంది. అంటే పెయింట్‌ని లేపింది తుప్పు కాదు, తుప్పుకని పూసిన మందే.

కారణం ఇదీ. ఎపాక్సీని గట్టిపరిచే హార్డెనర్ అమీన్ రకం, అంటే క్షార గుణం ఉన్నది. రేకు మీద ఆసిడ్ మిగిలి ఉంటే హార్డెనర్ ముందు దానితోనే చర్య జరుపుతుంది. ఆసిడ్‌ని ఆనుకున్న అడుగు పొరకు హార్డెనర్ చాలక అది పచ్చిగానే ఉండిపోతుంది. పై పొర మాత్రం రాయిలా గట్టిపడుతుంది. అందుకే పై నుంచి ఎన్ని పరీక్షలు చేసినా తప్పు దొరకదు. ఎపాక్సీ కింద ఆసిడ్ ఉండకూడదన్న హెచ్చరిక ప్రైమర్ డేటా షీట్‌లో ఉంటుంది, కన్వర్టర్ డబ్బా మీద ఉండదు. ఎవరి సరుకు వాళ్లు అమ్ముకుంటారు కదా.

బాగుచేయడానికి అడ్డదారి లేదు. పెయింట్ మొత్తం 80 నంబరు ఫ్లాప్ డిస్క్‌తో తీయాలి, గుంటల్లో వైర్ కప్ తిప్పాలి. వైర్ కప్ నుంచి తీగలు సూదుల్లా ఎగురుతాయి, కళ్లద్దాలు చాలవు, ముఖమంతా కప్పే షీల్డ్ పెట్టుకోండి. తర్వాత గుంటల వరకే మళ్లీ ఫాస్ఫారిక్ ఆసిడ్ పూసి, ఆరనివ్వకుండా తడిగా ఉంచి, స్కాచ్‌బ్రైట్‌తో రుద్ది, తడి మీదే ధారాళంగా మంచినీళ్లతో కడగాలి. ఆరిన ఆసిడ్ నీళ్లకు సరిగా పోదు. ఎక్కడైనా ఆరిపోతే దాని మీద కొత్త ఆసిడ్ పూసి కరిగించి అప్పుడు కడగాలి. రేకు మీద నిలిచిన నీళ్లలో పీహెచ్ పేపర్ ముంచి చూడండి. మీరు కడిగే నీళ్లలో ముంచిన పేపర్ రంగూ ఆ రంగూ ఒకటైతేనే ఆసిడ్ పోయినట్టు.

రొయ్యలో చేపలో మోసిన బండికి ఇంకో తద్దినం ఉంది, ఉప్పు. క్లోరైడ్ గుంటల అడుగున తుప్పు కింద దాక్కుంటుంది. కన్వర్టర్ దాన్ని తీయదు. శుభ్రం చేసిన రేకును ఒక రాత్రి అలా వదిలేసి పొద్దున్నే చూడండి. మిగతా రేకు మామూలుగా ఉండి, గుంటల్లో మాత్రం నల్లటి తడి చుక్కలు కనిపిస్తే ఉప్పు ఇంకా ఉన్నట్టే, గాలిలో తేమను లాగుతున్నది అదే. వైర్ కప్, మంచినీళ్లు, మళ్లీ వైర్ కప్. చుక్కలు రావడం ఆగేదాకా ఇదే పని. కోస్తాలో సాయంత్రం ప్రైమర్ కొట్టకండి. రేకు వేడి, గాలిలో తేమ చెమ్మగా పట్టే వేడి (డ్యూ పాయింట్) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. ఎండ దిగాక ఆ తేడా తొందరగా పోతుంది, కంటికి కనపడని చెమ్మ మీద పెయింట్ పడుతుంది.

చాసిస్ లోపల వేసిన తెల్ల రకం గురించి మొదట్లో అందరికీ గొప్పగా చెప్పాను. ఇప్పటికీ చెడ్డగా చెప్పను. పొడుగు గొట్టం తగిలించిన స్ప్రేతో రంధ్రాల్లోంచి కొడితే బ్రష్ చేరని చోటికి చేరింది, టార్చి వేసి చూస్తే ఇంకా నల్లగానే ఉంది. కానీ అక్కడ రాపిడి లేదు, ఎండ పడదు. అదే సరుకు వీల్ ఆర్చ్ లోపల వేస్తే రాళ్ల దెబ్బలకు చిల్లులు పడింది. దాని పొర మెత్తన. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ల థిన్నర్ తగిలితే ముడతలు పడుతుంది కాబట్టి మీద ఆయిల్ రకం రెడ్ ఆక్సైడ్, సింథటిక్ ఎనామెల్ వరకే వేసుకోవాలి.

రెండు రేకులు ఒకదాని మీద ఒకటి కలిసే అతుకుల్లో ఏ రకమూ పనిచేయదు. అక్కడ తుప్పు ఉబ్బి రేకుల్ని విడదీస్తుంది, పూసిన మందు అంచు దగ్గరే ఆగిపోతుంది. సుత్తితో తడితే ఖంగుమనకుండా మొద్దుగా మోగినా, స్క్రూడ్రైవర్ దిగినా కోసేయడమే. ఫ్లోర్‌కి 16 గేజ్ రేకు వేశాం. 18 గేజ్ అయితే ఆర్క్‌తో తేలిగ్గా చిల్లులు పడుతుంది. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి, లేకపోతే ఆల్టర్నేటర్ డయోడ్లకు ముప్పు. ఒకే చోట సాగదీయకుండా అంగుళం ఇక్కడ, అంగుళం అక్కడ అతుకుతూ పోతే రేకు వంకర పోదు. అతుకు మీద సీలెంట్ పట్టించాక నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోలేదని ఒకసారి చూసుకోండి.

కొనాలా వద్దా అంటే, బండిని బట్టి. వెల్డింగ్ మిషన్ లేక, బండి ఎండు సరుకు మోస్తూ షెడ్డులో ఉండేదైతే తెల్ల రకం కొన్నేళ్లు కాపాడొచ్చు. ఫ్లోర్ మీద తడి సరుకు ఈడ్చే బండికైతే నేను ఏ కన్వర్టరూ వేయను, రేకు తెల్లగా తేలేదాకా గీకి నేరుగా ఎపాక్సీ కొడతాను. మా బండి ఇప్పుడు కొబ్బరికాయలు మోస్తోంది, ఉప్పునీళ్ల పని లేదు. కాబట్టి కొత్త ఫ్లోర్ బాగుందని చెప్పినా అందులో ఆ వాటా తీసేసి లెక్కేసుకోండి.

తెల్ల రకం తీసుకుంటే అయిదు లీటర్ల డబ్బా జోలికి పోకండి, లీటరు చాలు. డబ్బాలో బ్రష్ ముంచకుండా కావలసినంత ప్లాస్టిక్ కప్పులోకి వంచుకుని పూయండి. బ్రష్‌కి అంటిన తుప్పు లోపల పడిందంటే చర్య డబ్బాలోనే మొదలై మిగిలినదంతా నల్లగా గడ్డకడుతుంది. కప్పులో మిగిలింది పారేయాల్సిందే, మళ్లీ డబ్బాలో పోయకూడదు.