నోహప్, స్క్రీన్, టీమక్స్: ఏది మేలు?

విజయనగరం, శ్రీకాకుళంలో ఇంటి నుంచే పని చేసుకుంటున్న మన కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, సర్వర్లో పెద్ద జాబ్ పెట్టాను. కరెంటు పోయి వైఫై కాస్తా ఆగిపోయింది. జాబ్ ఉందో పోయిందో ఏటీ తెలీట్లేదు. నోహప్ వాడాలా, స్క్రీనా, టీమక్సా?" జాబ్ అంటే సర్వర్లో చాలాసేపు నడిచే ప్రోగ్రాం. మన కనెక్షన్ తెగినా అది ఆగకుండా చూసే లినక్స్ కమాండ్లు ఈ మూడూ (nohup, screen, tmux).

కనెక్షన్ తెగితే జాబ్ ఎందుకు చస్తుందో మీకు తెలిసిందే. టెర్మినల్ (కమాండ్లు కొట్టే తెర) పోగానే, లైన్ తెగిందని జాబ్‌ని ఆపేసే హ్యాంగప్ సిగ్నల్ వస్తుంది. ఆ దెబ్బ నుంచి కాపాడటం వరకే చూస్తే మూడూ ఒకటే, దాని మీద వాదన దండగ. నేను చూసేది ఒక్కటే: కరెంటొచ్చాక ఆ జాబ్‌తో మళ్ళీ మాట్లాడగలమా?

నోహప్ ఇక్కడే చేతులెత్తేస్తుంది. అవుట్‌పుట్ అంతా ఒక ఫైల్లో పడుతుంది, టెయిల్ (ఫైల్ చివరి లైన్లు చూపే కమాండ్) కొట్టి చూసుకోవచ్చు. అంతవరకే. గంటల తరబడి నడిచే మైగ్రేషన్ స్క్రిప్ట్ (డేటాని పాత టేబుల్ నుంచి కొత్తదానికి మార్చేది) మధ్యలో ఆగి "పాత టేబుల్ తీసేయనా, వై ఆర్ ఎన్ (అవునా, కాదా)?" అని అడిగిందనుకోండి. జవాబు చెప్పే దారి లేదు, ఎందుకంటే కీబోర్డు నుంచి వచ్చే ఇన్‌పుట్‌ని నోహప్ మొదట్లోనే కట్ చేసేస్తుంది. పైథాన్ అయితే ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. సాదా షెల్ స్క్రిప్ట్ అయితే ఖాళీ జవాబునే జవాబనుకుని ముందుకెళ్లిపోవచ్చు, అది ఇంకా ప్రమాదం. మరో చిక్కు: పైథాన్ ప్రింట్లు ఫైల్‌కి వెళ్లేటప్పుడు బఫర్లో (మెమరీలో తాత్కాలికంగా) ఆగుతాయి. జాబ్ బాగానే నడుస్తున్నా ఫైల్ ఖాళీగా కనిపించి టెన్షన్ పెడుతుంది. పైథాన్‌ని డాష్ యు (-u) పెట్టి నడిపితే ఆ బాధ ఉండదు.

అలాగని నోహప్‌ని తీసిపారేయను. ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వని క్లయింట్ సర్వర్లో, ప్రశ్నలేవీ అడగని డౌన్‌లోడ్‌కి అది చాలు. జాబ్ మామూలుగా మొదలుపెట్టేశాక గుర్తొస్తే కంట్రోల్-జెడ్‌తో ఆపి, బీజీ (bg) తో వెనకాల నడిపించి, ఆపైన డిసోన్ డాష్ హెచ్ (disown -h) కొడితే హ్యాంగప్ దెబ్బ తగలదు.

స్క్రీన్ 1987 నాటిది, టీమక్స్ 2007లో వచ్చింది. రెండింటిలోనూ టెర్మినల్ సర్వర్ మీదే ఉంటుంది, మన ల్యాప్‌టాప్ దానికి కిటికీ మాత్రమే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అంతకాలం మనం ఆఫ్‌లైన్లో ఉన్నా, సర్వర్ ఆగకపోతే సెషన్ (సర్వర్లో తెరిచి ఉన్న ఆ టెర్మినల్) అలాగే ఉంటుంది.

ఈ రెండింట్లో నా ఓటు టీమక్స్‌కే. స్క్రీన్ కంట్రోల్-ఎ ని లాగేసుకుంటుంది. బ్యాష్‌లో (మన కమాండ్లు తీసుకునే షెల్) లైన్ మొదటికి వెళ్లడానికి రోజంతా వాడే కీ అది! పైగా రెడ్ హ్యాట్ కంపెనీ తన లినక్స్ 8వ వర్షన్ నుంచి స్క్రీన్‌ని తీసేసింది. అది తప్ప ఇంకేదీ లేని పాత సర్వర్లో అయితే నిశ్చింతగా వాడండి.

టీమక్స్‌లో సెషన్‌కి పేరు పెట్టి మొదలుపెట్టండి, కంట్రోల్-బి, డి కొట్టి బయటకి రండి. విశాఖ వెళ్లే రైల్లో కూర్చుని ఫోన్లో టెర్మక్స్ (ఆండ్రాయిడ్ టెర్మినల్ యాప్) తెరిచి, ఎస్‌ఎస్‌హెచ్‌తో సర్వర్‌కి కనెక్టయి, టీమక్స్ అటాచ్ కొడితే ఇంట్లో వదిలిన చోటే కర్సర్ ఉంటుంది. ఆ వై ఆర్ ఎన్ ప్రశ్నకి అక్కణ్ణుంచే జవాబు కొట్టొచ్చు. కొత్తవలస దాటేలోపు సిగ్నల్ పోయినా మళ్ళీ అటాచ్ కొడితే సరి. ల్యాప్‌టాప్ కూడా కలిసే ఉంటే, పాత వర్షన్లలో విండో ఫోన్ సైజుకి కుంచించుకుపోతుంది. అటాచ్‌కి డాష్ డి తగిలిస్తే పాత కనెక్షన్ విడిపోతుంది.

దీనికీ లోపాలున్నాయి. వెనక్కి స్క్రోల్ చేస్తే డిఫాల్టుగా 2000 లైన్లే దొరుకుతాయి, పెద్ద జాబ్ అవుట్‌పుట్‌ని టీ కమాండ్‌తో ఫైల్లోకి కూడా పంపండి. కొన్ని సర్వర్లలో లాగౌట్ కాగానే సిస్టమ్‌డి (సర్వర్లో ప్రోగ్రాముల్ని మొదలుపెట్టి, ఆపే మేనేజర్) టీమక్స్‌ని కూడా చంపేస్తుంది. లాగిన్‌సీటీఎల్‌లో ఎనేబుల్ లింగర్ (loginctl enable-linger) ఇచ్చి, టీమక్స్‌ని సిస్టమ్‌డి-రన్‌తో యూజర్ స్కోప్‌లో (systemd-run --user --scope) మొదలుపెడితే నిలుస్తుంది.

ఎస్‌ఎస్‌హెచ్ బదులు వాడే మోష్ (mosh) గురించి కూడా అడుగుతుంటారు. నెట్ తడబడేచోట హాయిగా ఉంటుంది గానీ సర్వర్లో యూడీపీ (మోష్ వాడే నెట్‌వర్క్ పద్ధతి) పోర్టులు తెరిచి ఉండాలి. ల్యాప్‌టాప్ ఆఫ్ అయితే ఆ సెషన్ మళ్ళీ దొరకదు. కాబట్టి మోష్ వాడినా లోపల టీమక్స్ ఉండాల్సిందే.

సర్వరే రీబూట్ అయితే మాత్రం వీటిలో ఏదీ ఆదుకోదు. ఎప్పుడూ నడుస్తూ ఉండాల్సిన జాబ్ అయితే సిస్టమ్‌డి సర్వీస్ రాసి ఎనేబుల్ చేసుకోండి. రీబూట్ తర్వాత దానంతటదే మళ్ళీ మొదలవుతుంది, లాగ్ జర్నల్‌సీటీఎల్ (journalctl) కమాండ్‌తో చూసుకోవచ్చు.