సోమశిల గుట్టమీద ఒక రాత్రి

మనిషికి 1,500 రూపాయల చొప్పున నలుగురికి 6,000 ముందుగానే కట్టించుకొని, పొద్దుగూకాక జిప్పు తెగిన గుడారం అప్పగించిన నిర్వాహకుడి మీద కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఎవరికి వారు గుడారం వేసుకోవడానికి వీల్లేదు కనుక, మేము కొల్లాపూర్ వైపు, కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిలను ఎంచుకున్నాము. మహబూబ్‌నగర్ నుంచి కొల్లాపూర్ దాకా ఆర్టీసీ బస్సు, అక్కడి నుంచి ఆటోకు 250; ఆ ప్రయాణంలో చెప్పుకోదగిన ఇబ్బంది ఏమీ లేదు.

వెళ్లదలచినవారు దసరా దాటాక వెళ్లడమే మంచిది. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టమైన 885 అడుగులకు దగ్గరగా ఉన్నప్పుడు, నీళ్లు నల్లమల గుట్టల సందుల్లోకి చొచ్చుకొచ్చి, వేసవిలో నడిచి ఎక్కగల మిట్టలను దీవులుగా మార్చేస్తాయి. అయితే ఈ కాలంలో సంగమేశ్వరం గుడి చూపిస్తామని పడవవాళ్లు పిలిస్తే నమ్మవద్దు. అది నీట మునిగి ఉంటుంది, నీళ్లు బాగా తగ్గాకే బయటపడుతుంది. సోమశిలలోని సోమేశ్వరాలయాన్ని ముంపు నుంచి తప్పించి ఎగువకు తరలించి కట్టారు కాబట్టి దాని దర్శనానికి ఏ ఆటంకమూ లేదు.

ఇక గుడారం సంగతి. దారి చూపే మనిషి, చలిమంట, రాత్రి భోజనం, ఉదయం టిఫిను అన్నీ ఆ డబ్బులోనే అని మాట. దారి చూపే మనిషి రానేలేదు. ప్యాంట్లకు ఉత్తరేణి గింజలు అంటించుకుంటూ, వీపున సంచులతో మేమే వెతుక్కుంటూ ఎక్కాము. గుడారంలో కింద పరచింది ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. జిప్పును పిన్నీసులతో బిగించినా, తెల్లవారుజామున కురిసిన మంచుకు దుప్పట్లు తడిసిపోయాయి. బగారా అన్నం చల్లారిపోయి వచ్చింది, కోడికూరలో ఎముకలే మిగిలాయి, చలిమంట కట్టెలకు మరో 200 అడిగారు. ఇదేమిటని నిలదీస్తే, "గుట్టమీద గింతే ఉంటది సార్" అన్నాడు నిర్వాహకుడు. మా లెక్కల సారు నాయకుడి మీసాల మీద పడుకొని, తెల్లవారేదాకా ఎవరితోనూ పలకలేదు.

టిఫిను కోసం ఎదురుచూడకుండా దిగిపోయి, ఒడ్డున వలలు ఆరేసిన ఒక ఇంటి ముందు ఆగి, తినడానికి ఏమైనా దొరుకుతుందా అని అడిగాము. ఆ ఇంటి పెద్దమ్మ అప్పుడే వలలో పడిన రవ్వు చేపను బూడిదతో రుద్ది కడిగి, చింతపండు చిక్కగా పిసికి, దించే ముందు మెంతిపొడి చల్లి పులుసు పెట్టింది. వేడివేడి జొన్నరొట్టెలతో తలా 120. "ఇంకో ముక్క ఏసుకో బిడ్డా" అని మళ్లీ వడ్డించిన దానికి ఎంత బతిమాలినా పైసా తీసుకోలేదు. తల ముక్క తన వంతుకు వచ్చాక గాని లెక్కల సారు నోరు విప్పలేదు. విప్పాక మాత్రం బస్సెక్కేదాకా ఆగలేదు.

రాత్రి ఉండదలచినవారు పర్యాటక శాఖ కాటేజీలను ముందుగా విచారించండి. గుట్టమీదే పడుకోవాలనుకుంటే గుడారాన్ని పగటి వెలుతురులో చూసి, సగానికి మించి బయానా ఇవ్వకండి. పడవకు మనిషి లెక్కన కాక మొత్తానికి బేరమాడండి, లైఫ్ జాకెట్టు ఇవ్వని పడవ ఎక్కవద్దు. మా డబ్బులో సగమైనా తిరిగి ఇమ్మని ఫోను చేస్తే, మరో నలుగురిని వెంటబెట్టుకొస్తే తలా 100 తగ్గిస్తానన్నాడు ఆ నిర్వాహకుడు.