‘మెటా ట్యాగుల ప్యాకేజీ’ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి

చిన్న షాపుల వెబ్‌సైట్లకు ఎస్‌ఈఓ (సెర్చిలో సైటు పైకి వచ్చేలా చేసే పని) పేరుతో ఒక సరుకు తెగ అమ్ముడవుతోంది: మెటా ట్యాగులు, అంటే పేజీ గురించి సెర్చ్ ఇంజిన్లకు చెప్పే, తెర మీద కనబడని కోడ్. పేజీకి వంద కీవర్డులు (జనం సెర్చిలో కొట్టే మాటలు) పెడతాం, నెల తిరిగేసరికి గూగుల్ మొదటి పేజీలో మొదటి స్థానం గ్యారంటీ అంటారు. గ్యారంటీ అన్న మాట వినబడగానే బేరం ఆపేయండి. మొదటి ర్యాంకు గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే తన సహాయ పేజీల్లో రాసిపెట్టింది.

ఇప్పటికే కట్టేసి ఉంటే, కంప్యూటర్లో మీ సైటు తెరిచి కంట్రోల్, యు కలిపి నొక్కండి. సోర్సు కోడ్ వస్తుంది. పైభాగంలో కీవర్డ్స్ మెటా ట్యాగులో ‘మంగళగిరి చీరలు, మంగళగిరి పట్టు చీరలు, మంగళగిరి చీరల షాపు, బెస్ట్ చీరలు మంగళగిరి...’ అని చాంతాడంత జాబితా కనిపిస్తే, మీ డబ్బు పోయింది అక్కడే. వెబ్ ర్యాంకింగులో ఈ ట్యాగును పట్టించుకోవడం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులోనే ప్రకటించింది. దాన్ని శ్రద్ధగా చదివేది మీ పోటీ షాపువాళ్ళే.

అదే సోర్సులో టైటిల్ (సెర్చి ఫలితంలో పెద్ద అక్షరాలతో కనిపించే పేజీ పేరు) ఏముందో చూడండి. నిజంగా పనికొచ్చేది అది. చాలాసార్లు అక్కడ ఉత్త ‘హోమ్’ అని ఉంటుంది, లేదా అన్ని పేజీలకూ ఒకటే టైటిల్ అంటించి ఉంటారు. ప్రతి పేజీకీ దానిదైన టైటిల్ కావాలి: ‘నిజాం బోర్డర్ మంగళగిరి కాటన్ చీరలు’, ఆ తర్వాత షాపు పేరు. అక్షరాలకు కచ్చితమైన పరిమితి లేదు గానీ, పొడవైతే తెర మీద చివర తెగిపోతుంది. అందుకే అసలు మాట ముందుండాలి. పేజీలో లేనిది టైటిల్లో రాస్తే గూగుల్ దాన్ని పక్కనపెట్టి, పేజీ హెడ్డింగునే చూపించవచ్చు.

మెటా డిస్క్రిప్షన్ ర్యాంకు పెంచదు. ఫలితం కింద కనిపించే ఆ రెండు లైన్లు చదివి జనం నొక్కుతారు, అంతవరకే దాని పని. ధర, డెలివరీ వివరం రాయించుకోండి. గూగుల్ దాన్ని వదిలేసి పేజీలోంచి వేరే వాక్యం తీసుకుంటే కంగారు పడక్కర్లేదు.

పనికిరాని ట్యాగుల కంటే ప్రమాదం తప్పు ట్యాగులది. సైటు తయారయ్యేటప్పుడు పెట్టిన ‘నోఇండెక్స్’ (ఈ పేజీని సెర్చిలో చూపొద్దనే ట్యాగు) తీయడం మర్చిపోతే మీరు సెర్చిలో కనబడనే కనబడరు. వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్, రీడింగ్ కింద సెర్చ్ ఇంజిన్లను వద్దనే టిక్ పెట్టె ఉంటుంది, అది ఖాళీగా ఉండాలి. కెనానికల్ ట్యాగులన్నీ (ఒకేలాంటి పేజీల్లో అసలుది ఏదో చెప్పేవి) హోమ్ పేజీనే చూపిస్తుంటే, చీరల పేజీలు హోమ్‌కు నకళ్ళన్నట్టు లెక్క. అవి విడిగా రాకపోవచ్చు. లేని రివ్యూలతో కోడ్‌లో రేటింగు స్టార్లు పెట్టిస్తే గూగుల్ చర్య కూడా తీసుకోవచ్చు.

సెర్చిలో మీ సైటు ఎలా కనబడుతోందో చూపే గూగుల్ సాధనం సెర్చ్ కన్సోల్ ఉచితం. ఓనరుగా మీ జీమెయిల్ ఉండాలి, ఏజెన్సీని యూజరుగా మాత్రమే చేర్చండి. వాళ్ళను ఇప్పటికే ఓనరు చేసి ఉంటే, మానేశాక జాబితాలోంచి పేరు తీసేస్తే సరిపోదు. ఓనరని రుజువుగా వాళ్ళు పెట్టిన వెరిఫికేషన్ ఫైలు, ట్యాగు, డీఎన్‌ఎస్ (డొమైన్ పేరు సెట్టింగుల) రికార్డు కూడా తీసేయండి, లేదంటే మళ్ళీ ఓనరుగా లోపలికి వచ్చేయగలరు.