ఊరినే మెరక చేసుకున్న గాల్వెస్టన్‌లో మూడు రోజులు

అంత పెద్ద ఇంటికి అంత పొట్టి ఇనుప కంచె ఏమిటా అని యాష్టన్ విల్లా ముందు చాలాసేపు నిలబడిపోయాను. అమెరికాలో టెక్సస్ తీరాన దీవి మీద ఉన్న గాల్వెస్టన్‌లో, బ్రాడ్‌వే వీధిలో 1859లో కట్టిన మూడంతస్తుల ఇటుక ఇల్లు అది. మా అమ్మాయి ఫోన్‌లో వెతికి, "కంచె పొట్టిది కాదు నాన్నా, కింది భాగం మట్టిలో ఉంది" అంది. నూరేళ్ల కిందట ఊరికి మెరక తోలినప్పుడు కంచె అడుగు భాగం, ఇంటి కింది గదులు ఇసుకలో పూడిపోయాయట.

నేను ఇరిగేషన్ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. కృష్ణా డెల్టాలో కాలవ గట్లు, కరకట్టలు, పూడికతీత, ఇదే నా ఉద్యోగం. ఇళ్ల స్థలాలకు మెరక తోలించడం రోజూ చూసిందే. ఉన్న ఇళ్లు, గుళ్లు, చెట్లతో సహా ఒక ఊరికి మెరక తోలారంటే మాత్రం నమ్మడానికి నాకు కొంత సమయం పట్టింది. ఆ మూడు రోజులూ నేను తిరిగింది ఎక్కువగా ఆ పని ఆనవాళ్ల కోసమే.

అమ్మాయి, అల్లుడు హ్యూస్టన్ దగ్గర షుగర్‌ల్యాండ్‌లో ఉంటారు. అక్కడి మనవాళ్లు గాల్వెస్టన్‌కి వెళ్లే పద్ధతి ఒకటే: ఆదివారం పొద్దున్నే పులిహోర డబ్బాలు సర్దుకుని బయల్దేరడం, పిల్లల్ని బీచ్‌లో ఆడించడం, చీకటి పడేసరికి ఇంటికి చేరడం. మేమూ రెండేళ్ల కిందట అలాగే వెళ్లి, నీళ్లు మట్టి రంగులో ఉన్నాయని నిరాశపడి వచ్చేశాం. నదులు తెచ్చే ఒండ్రు వల్ల అక్కడి సముద్రం అలా ఉంటుంది. మన మంగినపూడి బీచ్ చూసినవాళ్లకు అది కొత్తేమీ కాదు. ఈసారి నవంబరులో రెండు రాత్రులు ఉండేలా వెళ్లాం. బీచ్ కోసమే అయితే ఒక పూట చాలు. ఊరు చూడాలంటే రెండు రాత్రులైనా ఉండాలి.

దారిలో పేర్‌ల్యాండ్‌లో మీనాక్షి అమ్మవారి దర్శనం చేసుకున్నాం. అక్కడి నుంచి వంతెన దాటి దీవిలోకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

మొదటి రాత్రి సీవాల్ (సముద్రం ఒడ్డున కట్టిన అడ్డుగోడ) మీద, సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక హోటల్‌లో దిగాం. కిటికీ తెరిస్తే సముద్రం, పొద్దున్నే పెలికాన్ల వరసలు. అది బాగుంది. కానీ ఆన్‌లైన్‌లో చూపించిన ధర ఒకటి, కౌంటర్ దగ్గర అడిగింది ఇంకొకటి. రిసార్ట్ ఫీజు అని కొంత, పార్కింగ్‌కి కొంత విడిగా వేశారు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, కింది అంతస్తులో గది కావాలని ముందే రాసినా మూడో అంతస్తు ఇచ్చారు, ఆ రాత్రి లిఫ్ట్ ఆగిపోయింది. అల్లుడు ఓపిగ్గా మాట్లాడితే కొంత డబ్బు వెనక్కిచ్చారు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గది ఏ అంతస్తో, మొత్తం ఎంతవుతుందో ఫోన్ చేసి అడిగాకే బుక్ చేసుకోండి.

రెండో రాత్రికి ఈస్ట్ ఎండ్ అనే పాత పేటలో ఒక చెక్క ఇంట్లో గది తీసుకున్నాం. సముద్రం కనపడదు. కానీ వీధి అంతా పందొమ్మిదో శతాబ్దపు ఇళ్లు, ముందు వరండాలు, వరండాలో ఊగే కుర్చీలు. చాలా ఇళ్ల గుమ్మాల పక్కన 1900 తుఫానుకు నిలబడ్డ ఇల్లు అని చిన్న పలక కనిపిస్తుంది. ఆ పలకలు చదువుకుంటూ పొద్దున్నే రెండు గంటలు నడిచాను. వంటగది ఉండటంతో అన్నం, చారు చేసుకున్నాం. నన్నడిగితే రెండు రాత్రులూ అక్కడే ఉండాలి. ఊళ్లో హోటళ్లలో రొయ్యలు, చేపలు తినేవాళ్లకు లోటు లేదు, శాకాహారులకు మాత్రం ఇబ్బందే.

పాత ఊళ్లో దారి తప్పడం కష్టం. సముద్రానికి సమాంతరంగా పోయే వీధులకు ఇంగ్లీషు అక్షరాలు, అడ్డంగా వచ్చేవాటికి అంకెలు. రెండు అక్షరాల మధ్య వీధి పడితే దానికి ఎమ్ అర, పి అర అని పేర్లు పెట్టారు. ఈ ప్లాను 1838 నాటిది. టెక్సస్ అప్పుడు విడి దేశం. మిషెల్ మెనార్డ్ అనే కెనడా మనిషి 1836 చివర్లో ఆ కొత్త ప్రభుత్వం దగ్గర దీవి తూర్పు కొసన 4,605 ఎకరాలు 50,000 డాలర్లకు కొన్నాడు. భాగస్థులతో కంపెనీ పెట్టి, 1838లో ప్లాట్లు వేసి అమ్మాడు. మరుసటి ఏడాదే పట్టణ హోదా వచ్చింది. ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది, ఊళ్లో మిగిలినవాటిలో అదే అన్నిటికంటే పాతది.

అంతకుముందు ఈ దీవిలో కరంకవా తెగవాళ్లు తిరిగేవారు. 1817 నుంచి నాలుగేళ్లు జాన్ లఫీట్ అనే ఓడదొంగ ఇక్కడ మకాం వేశాడు. టూరిస్టు బొమ్మల్లో అతను సరదా మనిషిలా కనిపిస్తాడు. నిజానికి అతను దొంగచాటుగా బానిసలను తెచ్చి అమ్మినవాడు, ఆ బొమ్మల పక్కన అది కూడా రాయాల్సింది.

మెనార్డ్ పందెం వేసింది రేవు మీద. దీవి వెనక వైపు, అఖాతంలో, ఓడలకు గాలి దెబ్బ తగలని సహజమైన రేవు ఉంది. టెక్సస్ పత్తి అంతా అటు నుంచే బయటికి పోయేది. జర్మనీ నుంచీ ఇతర దేశాల నుంచీ వలస వచ్చినవాళ్లు అక్కడే దిగేవారు. 1880 జనాభా లెక్కల్లో 22,248 మందితో టెక్సస్‌లో అన్నిటికంటే పెద్ద నగరం ఇదే. రేవు పక్కన స్ట్రాండ్ అనే వీధిలో ఆనాటి బ్యాంకులు, పత్తి వ్యాపారుల కొట్లు ఇనుప స్తంభాలతో ఇప్పటికీ వరసగా నిలబడి ఉన్నాయి. ఇప్పుడు వాటిలో ఎక్కువగా టీషర్టులు, మిఠాయిలు అమ్ముతున్నారు. కొనడానికి ఏమీ లేకపోయినా తలెత్తి పై అంతస్తులు చూస్తూ నడవండి. కొన్ని గోడల మీద 2008లో ఐక్ తుఫానప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో గుర్తులు పెట్టారు. నా తల కంటే పైన ఉన్న గుర్తు దగ్గర మా ఆవిడ చెయ్యెత్తి చూసి, ఏమీ మాట్లాడకుండా ముందుకు నడిచింది.

స్ట్రాండ్, 22వ వీధి మూలలో గోడ నిండా పెద్ద చిత్రం ఉంది, బానిసల విముక్తి గురించి. 1865 జూన్ 19న జనరల్ గ్రేంజర్ ఈ ఊళ్లోనే, టెక్సస్‌లో బానిసలందరూ ఇక స్వతంత్రులని ఉత్తర్వు ఇచ్చాడు. లింకన్ విముక్తి ప్రకటన అమల్లోకి వచ్చి అప్పటికి రెండున్నరేళ్లు. ఆ కబురు అందేదాకా సుమారు రెండున్నర లక్షల మంది బానిసలుగానే ఉన్నారు. జూన్‌టీన్త్ అని ఇప్పుడు అమెరికా అంతా సెలవు ఇచ్చేది ఈ రోజుకే. మనవరాలికి స్కూల్లో ఆ సెలవు తెలుసు గానీ, అది మొదలైన ఊరు ఇంటికి గంట దూరంలో ఉందని తెలియదు. ఆ గోడ దగ్గర అరగంట గడిపాం, టికెట్ లేదు.

టికెట్ పెట్టి చూసినవాటిలో ఎలిస్సా ఓడకు నా మొదటి ఓటు. 1877లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో కట్టిన ఇనుప తెరచాప ఓడ, 1880లలో సరుకుతో రెండుసార్లు ఈ రేవుకే వచ్చింది. గ్రీసులో తుక్కుకింద పోబోతుంటే కొని, బాగుచేసి తెచ్చుకున్నారు. పక్కనే పియర్ 21 అనే రేవు గట్టు మీద 1900 తుఫాను మీద అరగంట డాక్యుమెంటరీ వేస్తారు, ముందు అది చూసి ఊళ్లో తిరిగితే ప్రతి వీధీ అర్థమవుతుంది. బిషప్స్ ప్యాలెస్ 1892 నాటి రాతి భవనం, నికొలస్ క్లేటన్ అనే ఆర్కిటెక్ట్ కట్టినది. చెక్కడం పని చూసి తీరాలి, అయితే మెట్లు ఎక్కువ. మా ఆవిడ కింది అంతస్తుతో సరిపెట్టుకుంది.

ఇక 1900. ఆ ఏడాది ఊరి జనాభా 38,000కు కాస్త తక్కువ. దీవిలో సహజంగా ఎత్తైన చోటు సముద్ర మట్టానికి 8.7 అడుగులు మాత్రమే. సెప్టెంబరు 8, శనివారం రాత్రి 15 అడుగులకు పైగా ఉప్పెన వచ్చింది. దీవిలో 6,000 నుంచి 8,000 మంది చనిపోయారని లెక్క. సముద్రం ఒడ్డున సెయింట్ మేరీస్ అనాథాశ్రమంలో సిస్టర్లు పిల్లలను బట్టలారేసే తాళ్లతో తమ నడుములకు కట్టుకున్నారు. 10 మంది సిస్టర్లూ, 90 మంది పిల్లలూ పోయారు, ముగ్గురు మగపిల్లలు బతికారు. సీవాల్ మీద 69వ వీధి దగ్గర ఒక పలక తప్ప ఇప్పుడు అక్కడేమీ లేదు. కార్లో వెళ్తే దాటిపోతారు, దిగి చదవండి.

ఆ పలక ముందు నాకు కాళ్లాడలేదు. 1977 నవంబరు 19న మా దివిసీమకు ఉప్పెన వచ్చినప్పుడు నేను విజయవాడలో పాలిటెక్నిక్ చదువుతున్నాను. నాలుగో రోజుకి అవనిగడ్డ చేరి, అక్కడి నుంచి మా ఊరికి నడిచాను. పెదనాన్న ఇంట్లో ముగ్గురు దొరకలేదు. పెద్దమ్మ చిన్నవాణ్ణి చీరకొంగుతో ఒంటికి కట్టుకుందని బతికినవాళ్లు చెప్పారు. ఆ సంగతి మా అమ్మాయికి అక్కడే, సముద్రం వైపు నిలబడి, మొదటిసారి చెప్పాను.

గాల్వెస్టన్ వాళ్లు తర్వాత చేసిన పని నా వృత్తికి సంబంధించింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ముగ్గురు ఇంజనీర్లను పిలిచారు. రాబర్ట్, నోబుల్, రిప్లీ అని వాళ్ల పేర్లు. వాళ్లు రెండు పనులు చెప్పారు: సముద్రం వైపు గోడ, గోడ వెనక ఊరికి మెరక. గోడ 1902లో మొదలై 1904కి మూడు మైళ్లకు పైగా పూర్తయింది. 17 అడుగుల ఎత్తు కాంక్రీటు, అడుగున 16 అడుగుల మందం, పైకి వచ్చేసరికి 5. సముద్రం వైపు ముఖం లోపలికి వంపు తిరిగి ఉంటుంది, అల వచ్చి కొడితే నీరు పైకి లేచి వెనక్కి పడుతుంది. పాదం దగ్గర గ్రానైట్ బండలు పేర్చారు. బీచ్‌లోకి దిగి ఆ వంపును చేత్తో తడిమి చూశాను. ఇప్పుడు గోడ పొడవు పది మైళ్లు.

మెరక పని 1903లో మొదలై 1911 దాకా సాగింది. ఊరి మధ్యలో పెద్ద కాలవ తవ్వి, డ్రెడ్జర్లను (ఇసుక తోడే ఓడలను) అందులోకి తెచ్చారు. ఊరిని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క చుట్టూ గట్టు వేసి, లోపలి ఇళ్లను స్క్రూ జాకీల మీద పైకి లేపారు. గొట్టాలతో ఇసుక కలిసిన నీళ్లు వదిలితే నీరు వెళ్లిపోయి ఇసుక పేరుకుంటుంది. అలా 2,000కు పైగా కట్టడాలను లేపారు. 3,000 టన్నుల సెయింట్ పాట్రిక్ చర్చిని 700 జాకీలతో 5 అడుగులు ఎత్తారు. నింపే ఖర్చు ప్రభుత్వానిది, ఇల్లు లేపుకునే ఖర్చు ఇంటివాళ్లది. ఆ ఏళ్లలో జనం చెక్క వంతెనల మీద నడుస్తూ బడికీ మార్కెట్‌కీ పోయారు. సముద్రం దగ్గర ఎక్కువ ఎత్తు, అఖాతం వైపు తగ్గుతూ వచ్చే వాలు, వాన నీరు పోవడానికి. 25వ వీధిలో సీవాల్ నుంచి రేవు దాకా నడిస్తే ఆ వాలు కాళ్లకు తెలుస్తుంది. నేను మూడుసార్లు నడిచాను. 1915లో మళ్లీ పెద్ద తుఫాను వచ్చింది, గోడ వెనక ఊరు నిలబడింది.

ఉప్పునీటి ఇసుకకు చెట్లన్నీ చచ్చిపోతే ఊరి ఆడవాళ్లు సంఘంగా ఏర్పడి ఓక్ మొక్కలు నాటించారు. శతాబ్దం పెరిగిన ఆ చెట్లలో చాలావాటిని ఐక్ ఉప్పునీరు చంపేసింది. ఎండిన మొదళ్లను శిల్పులు కొంగలుగా, కుక్కలుగా, దేవదూతలుగా చెక్కారు. ఈస్ట్ ఎండ్ ఇళ్ల ముందు అవి ఎదురవుతూనే ఉంటాయి. చూడటానికి డబ్బేమీ లేదు, ఇళ్లవాళ్ల గడప దాటకుండా చూస్తే చాలు.

రేవుకు మాత్రం టెక్సస్‌లో మళ్లీ ఆ పెద్దరికం రాలేదు. 1901లో బోమాంట్ దగ్గర చమురు పడింది, 1914లో హ్యూస్టన్ దాకా ఓడల కాలవ తెరిచారు, వ్యాపారం లోపలికి వెళ్లిపోయింది. ఇప్పుడు దీవిలో సుమారు 54,000 మంది, హ్యూస్టన్‌లో 23 లక్షలు. బందరు రేవు కథ తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

పిల్లలతో వెళ్లేవాళ్లకు ఒక మాట. సీవాల్ నుంచి సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాతి గట్ల పక్కన నీళ్లలోకి దిగనివ్వకండి, అక్కడ లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది. కాపలావాళ్ల జెండా రంగు చూసే దిగండి. ఊదా రంగు ఉంటే జెల్లీఫిష్‌లాంటివి ఉన్నాయని. సీవాల్ మీద పార్కింగ్‌కి డబ్బు కట్టాలి.

ఆఖరి సాయంత్రం అవతలి బొలివార్ ఒడ్డుకు వెళ్లే ఫెర్రీ ఎక్కాం. కారుతో సహా ఉచితం, అటు చేరడానికి ఇరవై నిమిషాలు. నాకు ఆ ఊళ్లో బాగా నచ్చిన సేవ ఇదే, సెలవు రోజుల్లో మాత్రం క్యూ చాలా పొడవు. పడవ వెనక డాల్ఫిన్లు లేచాయి, మనవరాలు గట్టిగా అరిచింది. అవతలి ఒడ్డున 1872 నాటి లైట్‌హౌస్ నల్లగా నిలబడి ఉంది, లోపలికి వెళ్లనివ్వరు. 1900 రాత్రి వందమందికి పైగా దాని లోపలి మెట్ల మీద ఒకరి పైన ఒకరు కూర్చుని బతికారు. "తాతయ్యా, మన ఊళ్లో లైట్‌హౌస్ ఉందా?" అని మనవరాలు అడిగింది. నాగాయలంకలో ఉందని, వచ్చే సంక్రాంతికి చూపిస్తానని చెప్పాను.