కోపర్నికస్ బ్రౌజర్: నెల్లూరు, ప్రకాశం నేల మీద వాడి చూశాక

సోమశిల జలాశయంలో ఈ నెల నీళ్లు ఎంత మేర పరుచుకున్నాయి? అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటలు అయిదేళ్లలో ఎంత పెరిగాయి? కంభం చెరువు ఏ నెలలో ఎంత వెనక్కి తగ్గింది? ఇలాంటివి పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవాలంటే యూరప్ వాళ్ల ఉపగ్రహ చిత్రాల వెబ్‌సైటు కోపర్నికస్ బ్రౌజర్ మంచి పనిముట్టు. సెంటినెల్ ఉపగ్రహాల చిత్రాలను వెతకడం, చూడడం, దించుకోవడం అన్నీ ఇందులోనే అయిపోతాయి. చూడ్డానికి ఖాతా అక్కర్లేదు. దించుకోవాలంటే మాత్రం ఉచిత ఖాతా ఒకటి కావాలి. ఇంటర్‌ఫేసులో తెలుగు లేదు. సెల్‌ఫోన్‌లో తెరుచుకున్నా పని జరగదు, పెద్ద తెర ఉండాల్సిందే.

మొదట దీని చూపు ఎంతో తెలుసుకోవాలి. రంగుల చిత్రాలు తీసే సెంటినెల్-2లో 13 బ్యాండ్లు (వెలుగును రంగుల వారీగా విడదీసి తీసే పొరలు) ఉన్నాయి. వాటిలో నీలం, ఆకుపచ్చ, ఎరుపు, దగ్గరి పరారుణం అనే నాలుగు మాత్రమే 10 మీటర్లవి. ఆరు 20 మీటర్లవి, మూడు 60 మీటర్లవి. పది మీటర్ల పిక్సెల్ (చిత్రంలో ఒక చుక్క) అంటే 100 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు రెండున్నర సెంట్లు. ఎకరానికి 40 పిక్సెళ్లు వస్తాయి. వినడానికి బాగానే ఉంటుంది కానీ ఎకరం గుంట ఒక్కో వైపు 64 మీటర్లే, అంటే ఆరున్నర పిక్సెళ్లు. ఆ 40లో సగానికి పైగా గట్టును ఆనుకుని ఉండేవే, అంటే సగం నీళ్లు, సగం మట్టి కలిసిన పిక్సెళ్లు. అదే పదెకరాల గుంటలో అంచు పిక్సెళ్లు అయిదో వంతుకు మించవు. కాబట్టి ఒక్క గుంట కొలత అడిగితే ఇది తప్పు చెబుతుంది, మండలం మొత్తం అడిగితే చాలావరకు సరిగ్గా చెబుతుంది. రెండు గుంటల మధ్య మూడు మీటర్ల గట్టు దీనికి కనపడదు, రెండూ కలిసి ఒకటే గుంట అయిపోతాయి. విస్తీర్ణం తేలుతుంది గానీ గుంటల సంఖ్య తేలదు. సర్వే నంబరు హద్దు కోసం దీని దగ్గరికి వచ్చేవాళ్లు మొదటి రోజే వెనక్కి వెళ్లడం మంచిది.

వెతకడం తేలికే. వెతుకు పెట్టెలో ఊరి పేరు కొట్టేకన్నా అక్షాంశం, రేఖాంశం ఇవ్వడం నయం. 14.44, 79.98 అని ఇస్తే నెల్లూరు ఊళ్లో దిగుతుంది. అక్షాంశం ముందు రావాలి, తారుమారైతే ఎక్కడో ఉత్తర ధ్రువం వైపు తేలుతుంది. తర్వాత క్యాలెండర్ తెరిస్తే చిత్రం ఉన్న తేదీలు గుర్తు పెట్టి ఉంటాయి. రెండు ఉపగ్రహాలు కలిపి అయిదు రోజులకోసారి వస్తాయి. 2017 మార్చిలో రెండోది ఎగరక ముందు పది రోజులకోసారే వచ్చేవి, కాబట్టి పాత ఏళ్లతో పోల్చేటప్పుడు చిత్రాలు తక్కువ దొరుకుతాయి. చిత్రం పక్కన కనిపించే సమయం యూటీసీ (గ్రీన్‌విచ్ సమయం), దానికి అయిదున్నర గంటలు కలుపుకోవాలి. మన మీదుగా పోయేది ఉదయం పదిన్నర, పదకొండు మధ్యలో.

మబ్బు శాతం జరుపుడు మీట దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. అక్కడ కనిపించే శాతం 110 కిలోమీటర్ల చదరంగా ఉండే మొత్తం టైలుకు (ఉపగ్రహ చిత్రాలను కోసి పెట్టే చదరపు ముక్కకు) లెక్క, మీ చెరువుకు కాదు. 60 శాతం మబ్బు అని రాసి ఉన్న రోజు వెలిగొండ కొండల మీద దట్టంగా కమ్మి ఉండి, మైపాడు తీరం తేటగా ఉండొచ్చు. 5 శాతం ఉన్న రోజు ఆ అయిదూ సరిగ్గా కండలేరు జలాశయం మీదే కూర్చుని ఉండొచ్చు. మీటను 10 దగ్గర పెట్టి మంచి చిత్రాలు పోగొట్టుకోవడం కన్నా 70 దాకా తెరిచి ఒక్కొక్కటీ కంటితో చూడడమే సరైన దారి. మన దగ్గర వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి, ఆ మూడు నెలలకూ వరసగా తేట చిత్రాలు దొరుకుతాయని ఆశ పెట్టుకోకూడదు. జనవరి నుంచి మే దాకా మాత్రం కొదవ ఉండదు. మబ్బును యంత్రం గుర్తించే పద్ధతినీ గుడ్డిగా నమ్మలేం. చీమకుర్తి గ్రానైటు తవ్వకాల పక్కన తెల్లటి రాతి గుట్టలను, ఇస్కపల్లి వైపు ఉప్పు మళ్లను మబ్బు అని గుర్తు పెట్టిన సందర్భాలు ఉంటాయి. మెరిసేది ఏదైనా దానికి మబ్బే.

లేయర్లలో తరచూ పనికొచ్చేవి మూడు: మామూలు రంగులు, పచ్చదనానికి ఎన్‌డీవీఐ, నీళ్లకు ఎన్‌డీడబ్ల్యూఐ. మూడోది ఆకుపచ్చ బ్యాండులోంచి దగ్గరి పరారుణాన్ని తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె. నీళ్లు పరారుణాన్ని మింగేస్తాయి కాబట్టి అక్కడ అంకె సున్నాకు పైన వస్తుంది, ఎండిన నేలకూ పైరుకూ కింద ఉంటుంది. సోమశిల, కండలేరు లాంటి లోతైన నీళ్లకు సున్నాను గీతగా పెట్టుకుని, దానికి పైనున్నదంతా నీళ్లే అనుకుంటే పనైపోతుంది. బురద నీళ్లు, నాచు పట్టి పచ్చగా మారిన రొయ్యల గుంటలు, లోతు లేని చెరువు అంచులు మాత్రం సున్నాకు కిందికి జారతాయి. అలాంటి చోట గీతను కాస్త కిందికి దించి, మామూలు రంగుల చిత్రంతో పక్కపక్కన సరిచూసుకోవాలి. ఇంకో చిక్కు నీడ. ఉదయగిరి వైపు కొండల పడమటి వాలు, మబ్బు కింద పడే నీడ రెండూ నీళ్ల లాగే అంకె చూపిస్తాయి. అక్కడ చెరువు ఉందో లేదో తెలియని మనిషి గీసిన పటంలో కొండ మీద కుంటలు పుట్టుకొస్తాయి.

అన్నిటికన్నా పెద్ద తప్పు తేదీ దగ్గర జరుగుతుంది. నెల్లూరు డెల్టాలో నాట్లు పడే రోజుల్లో పొలమంతా నీళ్లే. అప్పటి చిత్రం మీద రొయ్యల గుంటలు లెక్కపెడితే వరి మళ్లన్నీ గుంటలైపోతాయి. దీనికి మందు రెండు తేదీలు పెట్టుకోవడం. ఫిబ్రవరి చిత్రంలో వరి దట్టంగా పచ్చబడి ఉంటుంది, నీళ్ల లెక్కలోకి రాదు. మే చిత్రంలో పొలం ఎండి ఉంటుంది. రెండింటిలోనూ నీళ్లుగా కనిపించినదే గుంట. ఎడగారుకు (రెండో పంట వరికి) నీళ్లు వదిలిన ఏడాది మే చిత్రం కూడా కలుషితమే, అప్పుడు ఫిబ్రవరిని మార్చితో కలపాలి. మరో పక్క, పంట తీసేసి ఆరబెట్టిన రోజుల్లో గుంటలు నీళ్లుగా కనిపించవు. అందుకే రెండు తేదీలు కూడా తక్కువేనని నా అభిప్రాయం. ఏడాదికి అయిదారు తేట చిత్రాలు తీసుకుని, వాటిలో కనీసం మూడింటిలో నీళ్లున్న పిక్సెళ్లను ఉంచుకుంటే లెక్క నిలబడుతుంది.

పచ్చదనం లెక్కలోనూ ఇదే తంటా. ప్రకాశం మెట్టల్లో సుబాబుల్, జామాయిల్ తోటలు, నెల్లూరు తీరంలో సరుగుడు తోపులు ఏడాదంతా పచ్చగానే ఉంటాయి. జనవరిలో పొగాకునూ వాటినీ ఎన్‌డీవీఐ ఒక్కటే చూసి వేరు చెయ్యలేం. మే చిత్రంలోనూ పచ్చగా మిగిలిన వాటిని ముందు తోటలుగా తీసి పక్కన పెట్టి, ఆ తర్వాత జనవరి చిత్రం మీద పైరు వెతకాలి. ఒక ప్రాంతం చుట్టూ గీత గీసి పక్కనున్న గ్రాఫు గుర్తు నొక్కితే, నెలల తరబడి పచ్చదనం పెరిగి తగ్గిన తీరు గీతగా వస్తుంది. ఈ పోర్టల్‌లో నాకు బాగా నచ్చింది ఇదే. శనగ పైరు గీత, వరి గీత, తోట గీత చూడగానే వేరువేరుగా తెలుస్తాయి. మబ్బు శాతం తగ్గించే వీలు అక్కడా ఉంది, వాడకపోతే గీత రంపం పళ్లలా వస్తుంది.

పోల్చి చూసే సాధనం కూడా బాగుంది. రెండు తేదీలను ఒకదాని మీద ఒకటి పెట్టి తెరను పక్కకు జరపొచ్చు. 2022 ఆగస్టు చివర గుండ్లకమ్మ రిజర్వాయరు గేటు కొట్టుకుపోయింది. ఆ ముందు వెనకల తేట చిత్రాలు రెండు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సాధనం ఎందుకు ఉందో అర్థమవుతుంది. అయితే విస్తీర్ణం చూసి టీఎంసీలు చెప్పేయకూడదు. సోమశిల 78 టీఎంసీల జలాశయం, ఆ అంకె లోతుతో కలిపి వచ్చింది. జలాశయానికి ఏ మట్టంలో ఎంత మేర, ఎంత నిల్వ అని చెప్పే పట్టిక పక్కన ఉంటే తప్ప పైనుంచి తీసిన చిత్రం పరిమాణం చెప్పలేదు.

వరద రోజుల్లో సెంటినెల్-2 పనికిరాదు, మబ్బు తెరుచుకోదు. అప్పుడు రాడార్ చిత్రాలు తీసే సెంటినెల్-1 వైపు మళ్లాలి. ప్రశాంతంగా ఉన్న నీళ్లు అందులో నల్లగా కనిపిస్తాయి. గాలికి అలలు లేచిన చెరువు బూడిద రంగుకు తిరుగుతుంది. ఏరేటర్లు తిరుగుతున్న గుంట కూడా అంతే. ఇళ్ల మధ్య నిలిచిన నీళ్లు నల్లగా కాకుండా ఇంకా మెరుస్తాయి, గోడకు తగిలి వెనక్కి వచ్చే సంకేతం వల్ల. అందుకే ఊళ్లో ముంపు పటం రాడార్ మీద గీస్తే ముంపు తక్కువగా తేలుతుంది, పొలాల ముంపుకు మాత్రం నమ్మొచ్చు. అయితే ఇది రోజూ రాదు. మిచాంగ్ తుపాను వచ్చిన 2023 డిసెంబరులో పనిచేస్తున్నది సెంటినెల్-1ఎ ఒక్కటే, 1బి 2021 డిసెంబరులోనే ఆగిపోయింది. ఒక్క ఉపగ్రహం అదే దారిలో మళ్లీ రావడానికి 12 రోజులు పడుతుంది. నీళ్లు ఎక్కిన రోజు చిత్రం దొరకకపోతే దొరికిన తేదీని ముంపు గరిష్ఠం అని రాయకండి, ఆ రోజు మిగిలిన నీళ్లు అని రాయండి.

దించుకునే దగ్గర రెండు జాగ్రత్తలు. మొదటిది, ఎన్‌డీడబ్ల్యూఐ లేయరును కనిపించినట్టే దించుకుంటే వచ్చేది రంగుల బొమ్మ, అందులో అంకెలు ఉండవు. లెక్క వేయాలంటే డౌన్‌లోడ్‌లో అనలిటికల్ పక్కకు వెళ్లి బి3, బి8 అనే ముడి బ్యాండ్లను 32-బిట్ టిఫ్‌గా తీసుకుని, సూత్రం క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్‌లో వేసుకోవాలి. రెండోది, చిత్రం ఒక్కో వైపు 2500 పిక్సెళ్లకు మించదు. పది మీటర్ల చొప్పున అది 25 కిలోమీటర్లు. ఒకటి రెండు మండలాలకు సరిపోతుంది. జిల్లా మొత్తాన్ని ఒకే పెట్టెలో పెట్టి అడిగితే పిక్సెల్ సైజు పెంచుకోక తప్పదు, అంచులు మెత్తబడి గుంటలు మాయమవుతాయి. జిల్లాను 25 కిలోమీటర్ల ముక్కలుగా కోసి విడివిడిగా దించి, తర్వాత అతికించుకోవడమే మార్గం. ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదును పటం మీదికి తెచ్చే పద్ధతి) యూటీఎం 44 ఉత్తరం, అంటే ఈపీఎస్‌జీ 32644 పెట్టుకోవాలి. మన రెండు జిల్లాలూ 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్యే ఉన్నాయి కాబట్టి ఈ ఒక్కటీ చాలు. డిగ్రీల్లో ఉన్న పటం మీద విస్తీర్ణం అడిగితే వచ్చే అంకెకు అర్థం ఉండదు. చదరపు మీటర్లను 4046.86తో భాగిస్తే ఎకరాలు.

మొత్తం టైలునే దించుకునేవాళ్లకు ఒక గొయ్యి తవ్వి పెట్టి ఉంది. 2022 జనవరి 25 తర్వాతి ప్రాసెసింగుతో వచ్చిన ఫైళ్లలో ప్రతి అంకెకూ 1000 కలిపి ఉంటుంది. ముందు 1000 తీసేసి, ఆ తర్వాత 10000తో భాగించాలి. ఇది మరిచి పాత ఫైలుతో కొత్త ఫైలును పోలిస్తే జిల్లా అంతా ఒక్కసారిగా పచ్చదనం తగ్గిపోయినట్టు కనిపిస్తుంది. బ్రౌజర్లో చూసేటప్పుడు ఈ సర్దుబాటు తనంతట తానే అయిపోతుంది. నెల్లూరు ఊరు 44-పి-ఎల్-ఎ, 44-పి-ఎల్-బి అనే రెండు టైళ్లు ఒకదాని మీద ఒకటి కప్పుకునే పట్టీలో పడుతుంది. రెండూ దించి కలిపితే ఊళ్లో విస్తీర్ణం రెండుసార్లు లెక్కకొస్తుంది, కోసి కలపండి.

హద్దులు ఈ పోర్టల్ ఇవ్వదు, అది దాని పని కూడా కాదు. జిల్లా, మండల హద్దులు బయటినుంచి తెచ్చుకోవాల్సిందే. ఆ ఫైలు ఏ ఏడాదిదో చూడకపోతే పటం మొత్తం తప్పు. 2022 ఏప్రిల్ 4న గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్లాయి, చీరాల, అద్దంకి బాపట్లకు వెళ్లాయి, కందుకూరు నెల్లూరులోకి వచ్చింది. ఆ తర్వాతా హద్దులు కదులుతూనే ఉన్నాయి. పాత నెల్లూరు హద్దుతో కోసిన రొయ్యల గుంటల లెక్కను కొత్త నెల్లూరు లెక్కతో పోల్చి, తగ్గిపోయాయి అని రాసిన పటాలు ఉంటాయి, నమ్మేముందు హద్దు అడగండి. కోరిన ప్రాంతం జియోజేసన్ లేదా కేఎంఎల్ రకం హద్దుల ఫైలుగా ఉంటే పోర్టల్‌లోకి నేరుగా ఎక్కించొచ్చు.

పటానికి తుది రూపం పోర్టల్‌లో రాదు. శీర్షిక, స్కేలు ఉన్న బొమ్మ దించుకోవచ్చు గానీ ఊళ్ల పేర్లు మన ఇష్టం వచ్చినట్టు తెలుగులో పెట్టుకునే వీలు లేదు. క్యూజీఐఎస్‌లో పెట్టేటప్పుడు అను ఫాంట్లలో టైపు చేసిన పేర్లు పనికిరావు, యూనికోడ్ కావాలి. పేర్ల పట్టికను ఎక్సెల్ నుంచి మామూలు సీఎస్‌వీగా దాచితే అన్నీ ప్రశ్నార్థకాలే, యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. షేప్‌ఫైల్ అనే పాత రకం పటం ఫైల్లో ఒక గడికి 254 బైట్లే చోటు, తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు తింటుంది, గుణింతం విడిగా లెక్క. అందుకే జియోప్యాకేజీ అనే కొత్త రకం ఫైలు మేలు. పీడీఎఫ్ తీసేటప్పుడు అక్షరాలను గీతలుగా మార్చే ఎంపిక పెట్టండి, లేకపోతే అవతలి కంప్యూటర్లో వత్తులు విడిపోయి ‘కొత్తపట్నం’ చదవలేనట్టు తయారవుతుంది.

సమాచారం ఉచితం, వాడకానికి అనుమతి అడగక్కర్లేదు. పటం కింద ‘మార్పులు చేసిన కోపర్నికస్ సెంటినెల్ సమాచారం’ అని ఏడాదితో సహా రాస్తే చాలు. దాని పక్కనే చిత్రం తీసిన తేదీ, నీళ్లకు పెట్టుకున్న గీత అంకె, హద్దు ఫైలు ఏడాది కూడా వేయండి.