ఆరేళ్లలో రెండు బ్యాటరీలు, మూడు ఛార్జర్లు

విశాఖపట్నం పెదవాల్తేరులో, సముద్రపు గాలి నేరుగా తగిలే ఇంట్లో, 2019లో కొన్న లాప్‌టాప్‌నే నేటికీ వాడుతున్నాను. యంత్రానికి వంక పెట్టనక్కరలేదు కనుక ఈ సమీక్ష అంతా దాని బ్యాటరీ, ఛార్జర్ల గురించే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేక అల్లాడిన ఊరు కాబట్టి, ఇంట్లో ఫోను మొదలు ఎమర్జెన్సీ లైటు దాకా అన్నీ ఎప్పుడూ నిండుగా ఛార్జ్ అయి ఉండాలన్నది అమ్మ నియమం. ఆ అలవాటు కొద్దీ లాప్‌టాప్‌ను కూడా మూడేళ్లపాటు రాత్రింబవళ్లు ప్లగ్గుకే తగిలించి ఉంచాను. నిండిన లిథియం అయాన్ సెల్ వోల్టేజీ సుమారు 4.2 వోల్టులు ఉంటుందనీ, అదే స్థితిలో, అందులోనూ మే నెల ఉక్కలో, నెలల తరబడి ఉంచితే లోపలి ఎలక్ట్రోలైట్ (అయాన్లను మోసే ద్రవం) మెల్లగా విచ్ఛిన్నమై వాయువు పుడుతుందనీ అప్పట్లో నాకు తెలియదు. 2022 వేసవిలో టచ్‌ప్యాడ్ క్లిక్ పడడం మానేస్తే, దుమ్ము చేరిందనుకుని పది రోజులు అలాగే వాడాను. ఆ పది రోజులు తలుచుకుంటే ఇప్పటికీ భయమే. బల్ల మీద పెట్టినప్పుడు ఒక మూల ఊగడం చూసి విప్పిస్తే, బ్యాటరీ పూరీలా పొంగి ఉంది. మెకానిక్ నన్ను దాన్ని వేలితో కూడా నొక్కనివ్వలేదు.

రెండో బ్యాటరీ వేయించిన రోజే సెట్టింగుల్లో ఛార్జింగ్ పరిమితిని 80 శాతానికి తగ్గించాను. మూడేళ్లు గడిచాక విండోస్ ఇచ్చే బ్యాటరీ నివేదికలో, 42 వాట్ అవర్ల అసలు సామర్థ్యానికి ఇంకా 37 మిగిలి ఉంది. మొదటిదానికి ఈ నివేదిక ఏనాడూ చూడలేదు కనుక పోల్చడానికి అంకె లేదు.

అసలు ఛార్జర్ 65 వాట్లది. తీగను అడాప్టర్ చుట్టూ బిగించి చుట్టే నా అలవాటు వల్లే ఆ తీగ మొదలు దగ్గర తెగింది. దాని స్థానంలో 450 రూపాయలకు తెచ్చినదాని మీద అవే 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు ముద్రించి ఉన్నాయి గానీ, చేతికి మరీ తేలికగా ఉంది, భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ నంబరు లేదు, ఉన్నవి రెండే పిన్నులు, ఎర్త్ పిన్ను లేదు. లాప్‌టాప్ దాన్ని గుర్తించలేదు; నడిచింది కానీ బ్యాటరీ ఎక్కలేదు. పైగా లోహపు మూత మీద చెయ్యి వేస్తే జివ్వుమనేది. చెమ్మ వల్లనేమో అనుకున్నాను. నిజానికి అడాప్టర్‌లోని కెపాసిటర్ గుండా జారే స్వల్ప విద్యుత్తుకు ఎర్త్ దారి లేక నా చేతినే దారి చేసుకుంది. వారానికే దాన్ని పక్కన పడేసి, దాదాపు నాలుగింతలు పెట్టి కంపెనీవారి మూడు పిన్నుల ఛార్జర్ కొన్నాను. దానితో ఏ ఇబ్బందీ లేదు.

ఉప్పుగాలికి ప్లగ్గు పిన్నులకు చిలుము పడుతోంది. నెలకొకసారి ప్లగ్గు ఊడదీసి పొడిగుడ్డతో తుడుస్తాను. వదులైన సాకెట్‌లో పిన్ను వేడెక్కడం ఒకసారి చూశాక ఆ సాకెట్‌నే మార్పించాను.

ఇక అమ్మ నియమం పూర్తిగా పోలేదు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున పరిమితి తీసేసి బ్యాటరీని నూటికి నూరు నింపుతాను. గాలివాన తగ్గి కరెంటు వచ్చినా, వోల్టేజీ కుదుటపడేదాకా, అంటే ఫ్యాను ఒకే వేగంతో తిరిగేదాకా, ఛార్జర్ పెట్టను.