రోమెల్ ఊళ్ళలో రెండు రోజులు: ఉల్మ్, హెర్లింగెన్, హైడెన్‌హైమ్

స్టుట్‌గార్ట్‌లో దిగేటప్పుడు ఎయిర్‌పోర్టు పేరులో 'రోమెల్' చూసి ఎడారి నక్కే అనుకున్నాను, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో జర్మన్ సైన్యాన్ని నడిపిన ఎర్విన్ రోమెల్. కాదు. ఆయన కొడుకు మాన్‌ఫ్రెడ్, 1974 నుంచి 1996 దాకా ఈ నగరానికి మేయర్. సరే, కొడుకు పేరుతో దిగాం కదా, తండ్రి సంగతీ చూద్దామని ఓ శని, ఆదివారాలు బయల్దేరాను.

మకాం ఉల్మ్‌లో పెట్టుకుంటే మంచిది, అన్నిటికీ అక్కడినుంచే రైళ్ళు. డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ ఉంటే వేరే ఖర్చు లేదు, కాకపోతే ఐసీఈ అనే వేగం రైళ్ళు ఎక్కకూడదు. బస దగ్గరే దెబ్బతిన్నాను. స్టేషన్ పక్కన చిన్న లాడ్జి. సాయంత్రం ఆరు దాటితే మనిషి ఉండడు, తాళంచెవి గోడకున్న పెట్టెలో ఉంటుంది, కోడ్ మెయిల్లో పంపుతామన్నారు. పంపలేదు. వానలో ముప్పావుగంట నిలబడ్డాక ఫోనెత్తారు. గది మాత్రం శుభ్రం. శాకాహారులు మౌల్టాషెన్ అనే పిండి పొట్లాల జోలికి పోవద్దు, సాధారణంగా లోపల మాంసం ఉంటుంది. చీజ్ వేసిన ష్పెట్స్‌లె (ఇక్కడి నూడుల్స్) దొరుకుతుంది గానీ, పచ్చిమిరపకాయ తోడు లేకపోతే నాలుగు ముద్దలకే మొహం మొత్తుతుంది.

హెర్లింగెన్ అక్కడికి పది నిమిషాల దూరం. చర్చి పక్కన శ్మశానంలో సమాధి. ఐరన్ క్రాస్ ఆకారంలో ఒక చెక్క గుర్తు, అంతే. 1917లో ఇటలీ కొండల్లో గెలిచి అప్పటి అత్యున్నత పతకం తెచ్చుకున్నవాడు, 1940 మేలో ఏడో పాంజర్ (ట్యాంకుల) డివిజన్‌ని బెల్జియంలో మ్యూజ్ నది దాటించినవాడు, 1942 జూన్ 21న లిబియాలోని టోబ్రూక్ పట్టుకుని మర్నాడే ఫీల్డ్ మార్షల్ అయినవాడు ఇక్కడున్నాడు. ఆ టోబ్రూక్‌లో చిక్కినవాళ్ళలో మన 11వ ఇండియన్ బ్రిగేడ్ కూడా ఉంది. నాలుగు నెలలకు ఈజిప్టులోని అలమీన్‌లో బ్రిటిష్ సైన్యం చేతిలో రోమెల్ ఆట కట్టింది.

శ్మశానం కన్నా ఊరి బయట, ఆయన విషం మింగి చనిపోయిన చోట నిలిపిన రాయి దగ్గర ఎక్కువసేపు ఆగాను. 1944 అక్టోబర్ 14న హిట్లర్ పంపిన ఇద్దరు జనరళ్ళు ఇంటికొచ్చి రెండు దారులు చెప్పారు: కోర్టు, లేదా విషం. విషమైతే ఇంట్లోవాళ్ళ జోలికి రామన్నారు. పదిహేనేళ్ళ కొడుక్కి, భార్యకి చెప్పి కారెక్కాడు. హిట్లర్ మీద కుట్రలో ఆయనకి ఎంత పాత్ర ఉందో చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. 1939లో హిట్లర్ రక్షక దళాన్ని నడిపింది మాత్రం ఈయనే, అందులో వాదన లేదు. ఇంకొకటి: ఈ ఊళ్ళోనే యూదు వృద్ధాశ్రమం ఉండేది. అందులోవాళ్ళని 1942లో పట్టుకుపోయారు. మరుసటేడు రోమెల్ కుటుంబం ఈ ఊరికి మారింది. ఆ సంగతి తెలిసి నడిస్తే వీధి వేరేగా కనిపిస్తుంది.

ఉల్మ్‌లో టౌన్ హాలు చూడండి, ఆయన పోయిన నాలుగు రోజులకు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియల సభ జరిగింది అక్కడే. యుద్ధంలో తగిలిన గాయాలతో పోయాడని జనానికి చెప్పారు. అంతకు ఇరవై నెలల ముందు, హిట్లర్‌కి వ్యతిరేకంగా కరపత్రాలు పంచినందుకు, ఇదే ఊళ్ళో పెరిగిన అన్నాచెల్లెళ్ళు హాన్స్, సోఫీ షోల్ తలలు తీసినప్పుడు లాంఛనాలేవీ లేవు. చర్చి గోపురం 161.5 మీటర్లు, 768 మెట్లు. మోకాళ్ళు బాగుంటే ఎక్కండి, నేను సగంలో దిగొచ్చాను.

టైం ఒక్కదానికే ఉంటే హైడెన్‌హైమ్ వెళ్ళండి, ఆయన పుట్టిన ఊరు. కొండ మీద 1961లో ఆఫ్రికా కోర్ (ఆఫ్రికాలో రోమెల్ నడిపిన సైన్యం) మాజీ సైనికుల సంఘం కట్టించిన పొడవాటి సున్నపురాతి స్మారకం. కూల్చాలని కొందరు, ఉంచాలని కొందరు ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. 2020లో రైనర్ యోస్ అనే శిల్పి దాని ముందు ఇంకో బొమ్మ నిలబెట్టాడు: చంకలో కర్రలతో, ఒంటికాలి మీద ఓ మనిషి ఆకారం. ఉత్తర ఆఫ్రికా ఇసుకలో పాతిన మందుపాతర్లు యుద్ధమయ్యాక తొక్కినవాళ్ళ గుర్తుగా. ఎండ పడితే ఆ కుంటి మనిషి నీడ రోమెల్ రాతి మీద పడుతుంది.

స్టేషన్ నుంచి ఎక్కడం కాస్త ఎక్కువే, దారి బోర్డులూ తక్కువే. నేను వెళ్ళినప్పుడు మబ్బు. గంట కూర్చుంటే రెండు నిమిషాలు ఎండొచ్చింది, నీడ కనపడింది, పోయింది. వాతావరణం చూసుకుని వెళ్ళండి.